ఇంట్లో తిరిగి, ల్యాబ్‌లో తడబడిన రోబో: టెర్మినల్‌తో సెన్సార్ రీడింగులు సరిచూసిన ఒక కేసు

నేపథ్యం

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక సాంకేతిక విద్యాసంస్థ. అక్కడ ఆఖరి ఏడాది విద్యార్థులు నలుగురు కలిసి, గదిలో తిరుగుతూ మ్యాపు గీసే చిన్న రోబో కట్టారు. సంస్థ ఏదో, పిల్లలెవరో తెలిసే వివరాలు తీసేశాం. కొలతలు, కమాండ్లు, తప్పటడుగులు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.

సరిహద్దు జిల్లా కాబట్టి రెండు సంగతులు ముందే చెప్పాలి. ఒకటి, విడిభాగాలు. లైడార్ (లేజరుతో చుట్టూ దూరాలు కొలిచే సెన్సారు) కావాలన్నా, మంచి బక్ కన్వర్టరు (వోల్టేజీ తగ్గించే బోర్డు) కావాలన్నా విశాఖపట్నం వెళ్ళి విజయనగరం మీదుగా రైల్లో తెచ్చుకోవాలి, లేదంటే ఆన్‌లైన్‌లో పెట్టి రోజులు లెక్కపెట్టుకోవాలి. "ఇది మార్చి చూద్దాం, అది మార్చి చూద్దాం" అనే పద్ధతి ఇక్కడ డబ్బుకంటే ముందు రోజుల్ని తినేస్తుంది. రెండోది, ఆ ల్యాబ్‌లో ఇంటర్నెట్ లేదు. రోబోకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఒక వైఫై రౌటరు ఉంది, అంతే. ఫోన్ సిగ్నలు కిటికీ దగ్గర నిలబడితేనే.

రోబో సంగతి. రెండు చక్రాలు, వెనక ఎటైనా తిరిగే చిన్న చక్రం (కాస్టరు). తిరుగుళ్ళు లెక్కపెట్టే ఎన్‌కోడర్లున్న 12 వోల్టుల మోటార్లు రెండు, వాటిని నడిపే ఆర్డునో నానో ఒకటి. దాని మీద 4 జీబీ రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు (ఇకముందు 'పై' అంటే ఇదే), అందులో ఉబుంటు 22.04, రోబో ప్రోగ్రాములను కలిపి నడిపే రాస్ 2 హంబుల్. లైడార్ ఆర్‌పీలైడార్ ఏ1. వంపు, తిరుగుడు చూసేందుకు జీవై-521 బోర్డు మీది ఎంపీయూ6050. మూడు సెల్లుల లిథియం అయాన్ బ్యాటరీ నుంచి ఒకే ఎల్ఎం2596 బక్ కన్వర్టరు ద్వారా పైకీ లైడార్‌కీ 5 వోల్టులు. మ్యాపు గీసే స్లామ్ టూల్‌బాక్స్, బొమ్మ చూపించే ఆర్‌విజ్ ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. ఇక్కడ ఒక నిర్ణయం గుర్తుపెట్టుకోవాలి: పై మీద భారం తగ్గుతుందని, చక్రాల లెక్కనుంచి రోబో ఎక్కడుందో చెప్పే ఓడోమెట్రీ నోడును (రాస్‌లో ఒక్కో పని చేసే ప్రోగ్రామును నోడు అంటారు) కూడా ల్యాప్‌టాప్‌కే మార్చారు.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాం. కీబోర్డు మీద కొట్టేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే.

వచ్చిన సమస్య

ఫిర్యాదు రెండు రకాలుగా వచ్చింది. కొన్ని రోజులు ఆర్‌విజ్‌లో లైడార్ చుక్కలే కనబడవు, మ్యాపు మొదలే కాదు. మరికొన్ని రోజులు చుక్కలు వస్తాయి, రోబో నేరుగా వెళ్తున్నంతసేపు గోడ గీతలా పడుతుంది, మలుపు తిరగ్గానే అదే గోడ ఇంకోసారి వేరే కోణంలో పడుతుంది. రెండు మలుపులకు గది కాస్తా చక్రంలా విచ్చుకుంటుంది.

"ఇంట్లో బాగానే తిరిగింది సార్" అన్నది జట్టులో ఒకరి మాట. ఆదివారాలు తన ఇంటికి తీసుకెళ్ళి నడిపినప్పుడు మ్యాపు శుభ్రంగా వచ్చిందట. ఆ మాటను మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఇల్లు చిన్నది, ల్యాబ్ పెద్దది, లైడార్‌కు దూరం అందడం లేదేమో అని సరిపెట్టుకున్నారు. ల్యాబ్ హాలు ఎనిమిది మీటర్లు, ఆరు మీటర్లు. ఏ1 లైడార్ 12 మీటర్ల దాకా చూస్తుంది. ఆ వివరణ నిలవదు, కానీ లెక్క ఎవరూ వేయలేదు.

అప్పటికే చేసి చూసినవి

మొదట లైడార్ మీదే అనుమానం. ఇంకో జట్టు దగ్గర అలాంటిదే అడిగి తెచ్చి బిగించారు, తేడా లేదు. తర్వాత స్లామ్ పారామీటర్లు తిప్పారు. మ్యాపు కొంచెం మెరుగైనట్టు అనిపించేది, మర్నాటికి మళ్ళీ మొదటికే. తర్వాత క్యూఓఎస్ అమరికలు, అంటే సందేశాలు పంపే, అందుకునే షరతులు, మార్చారు. పంపేవాడు 'బెస్ట్ ఎఫర్ట్' అని, తీసుకునేవాడు 'రిలయబుల్' అని పెట్టుకుంటే వాళ్ళిద్దరికీ లంకె కుదరదన్నది నిజమే. కానీ అలాంటి పొరపాటైతే చుక్కలు ఎప్పుడూ రావు. ఒకరోజు వచ్చి ఒకరోజు పోయే లక్షణం దానికి ఉండదు. లైడార్ సందేశాలు వచ్చే దారి (టాపిక్) పేరు /స్కాన్. 'రాస్2 టాపిక్ ఇన్ఫో /స్కాన్ --వెర్బోస్' కొడితే పంపేవాళ్ళు ఎందరు, తీసుకునేవాళ్ళు ఎందరు, ఎవరి క్యూఓఎస్ ఏమిటి అన్నీ ఒకేచోట కనబడతాయి. ఇక్కడ ఒకే పబ్లిషరు (పంపేవాడు), రెండువైపులా రిలయబుల్. అంటే ఈ తలుపు మూసేయవచ్చు. ఒకే ల్యాబ్‌లో రెండు రోబోలు ఒకే డొమైన్ నంబరు మీద నడిస్తే ఇక్కడ పబ్లిషర్లు ఇద్దరు కనబడతారు; అది వేరే జబ్బు, ఈ కేసులో లేదు.

జట్టు చూసినదంతా ఆర్‌విజ్ బొమ్మ. బొమ్మ అంటే లైడార్ రీడింగు, దాని సమయం, రోబో ఉన్న చోటు, ఫ్రేముల (రోబో, లైడార్, గది కొలత అక్షాల) మధ్య లెక్క, ఇన్నీ కలిసి వండిన కూర. ఉప్పు ఎక్కువైందని తెలుస్తుంది గానీ ఏ చేతిది అన్నది తెలియదు. అందుకే బొమ్మను పక్కన పెట్టి, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే తెరలో) ఒక్కో సెన్సారును నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడగాలని నిర్ణయించాం: వస్తోందా, ఎంత వేగంతో వస్తోంది, వచ్చిన విలువ నిజమేనా, అది ఎప్పటిది. మొదటి దానికి జవాబు దొరికినట్టే.

రెండో ప్రశ్న: ఎంత వేగంతో

'రాస్2 టాపిక్ హెచ్‌జెడ్ /స్కాన్'. ఈ కమాండును ముందు రోబో మీదే, అంటే పై లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (వేరే కంప్యూటరు నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్ళి కొట్టాలి. ఆ తర్వాతే ల్యాప్‌టాప్‌లో. చాలామంది ల్యాప్‌టాప్‌లో ఒక్కటే చూసి లైడార్ నెమ్మది అంటారు. రెండుచోట్లా చూస్తే తేడా వైఫైదో, రోబోదో అక్కడే తేలుతుంది.

పై మీద సగటు 7.4 హెర్ట్జ్. కంపెనీ కాగితం మీద ఏ1 వేగం 5.5 అని ఉంటుంది, మోటారుకు అందే వోల్టేజీని బట్టి పైకి కిందికి పోతుంది, కాబట్టి 7.4 దిగులు పడాల్సిన అంకె కాదు. చూడాల్సింది సగటు పక్కనున్న గరిష్ఠం. రెండు స్కాన్ల మధ్య ఎడం మామూలుగా 0.135 సెకన్లు ఉండాలి. అప్పుడప్పుడు 0.61 సెకన్లు చూపిస్తోంది. సగటు బాగుంది, మధ్యలో గండ్లున్నాయి. ఇది పై మీదే కనబడింది కాబట్టి వైఫై పని కాదు.

గండ్లు ఎప్పుడు పడుతున్నాయో గమనిస్తే, చక్రాలు ఒక్కసారిగా కదిలినప్పుడు. అనుమానం కరెంటు మీదికి మళ్ళింది. జట్టు మల్టీమీటరు పెట్టి 4.85 వోల్టులు చూపించింది. మల్టీమీటరు నెమ్మదిగా సగటు చెబుతుంది; కొన్ని మిల్లీసెకన్ల పాటు పడి లేచే వోల్టేజీని అది చూడలేదు. పై మాత్రం చూస్తుంది. 'వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్' అని అడిగితే 0ఎక్స్50000 అని జవాబిచ్చింది. ఆ అంకెలో 16వ బిట్టు, 18వ బిట్టు వెలిగి ఉన్నాయని అర్థం: వెలిగించినప్పటినుంచి ఒకసారైనా వోల్టేజీ తగ్గింది, ఒకసారైనా వేగం తగ్గించుకోవాల్సి వచ్చింది. పై 4 దాదాపు 4.63 వోల్టుల దగ్గర ఈ గంట కొడుతుంది.

ఎల్ఎం2596 మీద 3 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. హీట్‌సింకు లేని చిన్న బోర్డు మీద 2 ఆంపియర్లకు మించి ఎక్కువసేపు నమ్మకూడదు. పని భారం పడితే పై ఒక్కటే దాన్ని తినేస్తుంది, పైగా లైడార్ మోటారు కూడా అదే గిన్నెలో. లైడార్‌కు వేరే కన్వర్టరు ఇచ్చి, పైకి ఇచ్చేదాన్ని అది కరెంటు లాగుతుండగానే 5.1 వోల్టులకు తిప్పి, సన్నని యూఎస్‌బీ కేబులు తీసేశాం. గండ్లు పోయాయి. గరిష్ఠం 0.143కు దిగింది. మళ్ళీ అడిగితే 0ఎక్స్0, అంటే ఏ గంటా మోగలేదు.

అందరికీ సంతోషం. హాల్లో నడిపారు. మలుపు దగ్గర గోడ మళ్ళీ రెండైంది.

ఇక్కడ ఒక మాట. కరెంటు లోపం నిజమైన లోపమే, సరిచేయాల్సిందే. కానీ అది ఈ ఫిర్యాదుకు కారణం కాదు. 0.61 సెకన్ల గండి పడితే ఆ కాసేపు స్కాను రాదు, తర్వాత వచ్చిన స్కాను సరైన చోటే పడాలి. గోడ రెండు కోణాల్లో పడటానికి అది చాలదు. ఈ ఆలోచన ముందే చేసి ఉంటే సంతోషం ఒక పూట ముందే ఆగేది.

మూడో ప్రశ్న: విలువ నిజమేనా

'రాస్2 టాపిక్ ఎకో /స్కాన్ --వన్స్' ఒక స్కాను మొత్తం విప్పి చూపిస్తుంది. మామూలుగా ఎకో 128 దాటిన శ్రేణిని కత్తిరించి చుక్కలు పెడుతుంది. అది తెలియక, లైడార్ సగం చుట్టే చూస్తోందని జట్టు నోటుబుక్కులో రాసుకుంది. '--ఫుల్-లెంగ్త్' చేరిస్తే 360 అంకెలూ వస్తాయి. మధ్యమధ్య కనబడే '.ఇన్ఫ్' లోపం కాదు. ఆ దిక్కులో కిరణం తిరిగి రాలేదని చెప్పే పద్ధతి అది. కిటికీలోంచి బయటికి పోయిన కిరణమో, నల్లని నునుపు బల్ల కాలో. అంకె రావాల్సిన తెల్ల సున్నపు గోడ దిక్కున 'ఇన్ఫ్' వస్తేనే అనుమానించాలి.

పరీక్ష చాలా మోటుది, అందుకే నమ్మదగ్గది. రోబోను కదలకుండా పెట్టి, కొలటేపుతో లైడార్ మధ్యనుంచి గోడకు సరిగ్గా ఒక మీటరు కొలిచాం. స్కాన్లను ఫైలులోకి మళ్ళించి, గోడ దిక్కున ఉన్న అంకెను ఇరవైసార్లు చూశాం. 0.99కీ 1.01కీ మధ్యే తిరిగింది. లైడార్ నిజమే చెబుతోంది. అరువు తెచ్చిన రెండో లైడార్‌కు ఈ పదినిమిషాల పరీక్ష చేసి ఉంటే అరువే అక్కర్లేకపోయేది.

తర్వాత దిక్కు. రోబో ముందు ఒక అట్టపెట్టె పెట్టి, ఎన్నో అంకె చిన్నదవుతుందో చూడాలి. 'యాంగిల్_మిన్' కు, వరుస నంబరును 'యాంగిల్_ఇంక్రిమెంట్' తో గుణించి కలిపితే కోణం వస్తుంది, రేడియన్లలో. తర్వాత పెట్టెను ఎడమకు జరపాలి. కోణం ప్లస్ వైపు పెరగాలి, ఎందుకంటే రాస్‌లో ముందువైపు ఎక్స్, ఎడమవైపు వై, గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగితే ప్లస్. లైడార్‌ను వెనక్కి తిప్పి బిగించినా, బోర్లా బిగించినా ఇక్కడ బయటపడుతుంది. ఈ రోబోలో సరిగానే ఉంది. నోటుబుక్కు మాత్రం సరిగా లేదు: ఒకరు 'ఎడమ' అని, ఇంకొకరు ఒడియాలో 'డాహాణ' అని కుడిని, మరొకరు ఇంగ్లీషులో రాశారు. రెండు భాషల జట్టులో ఇది తప్పు పట్టాల్సిన పని కాదు గానీ, ఆ రోజునుంచి పేజీలో దిక్కు పేర్లు మానేసి ప్లస్, మైనస్ గుర్తులే రాయించాం.

ఎంపీయూ6050 వంతు. రోబో కదలకుండా ఉంటే నిలువు అక్షం త్వరణం 9.8 దరిదాపుల్లో ఉండాలి. 1.0 వస్తే 'జీ' లెక్కలో పంపుతున్నారని, 16 వేలు దాటి వస్తే చిప్‌లోని పచ్చి అంకెను మార్చకుండా పంపుతున్నారని అర్థం. ప్లస్ మైనస్ 2 జీ అమరికలో ఒక జీకి 16384. ఇక్కడ 9.7. తిరుగుడు వేగం ఆగి ఉన్నప్పుడు సెకనుకు 0.02 రేడియన్లు, అది మామూలు పక్షపాతమే. చేత్తో ఎడమకు తిప్పితే ప్లస్. బాగుంది.

మూడు ప్రశ్నలకూ రోబో పాసైంది. ఇక్కడే చాలా మంది ఆగిపోయి, సెన్సార్లు బాగున్నాయి, సాఫ్ట్‌వేరు చూసుకోండి అని చేతులు దులుపుకుంటారు.

నాలుగో ప్రశ్న: ఎప్పటిది

'రాస్2 టాపిక్ డిలే /స్కాన్'. సందేశం నెత్తిన ఉన్న టైం స్టాంపుకీ, ఈ కమాండు కొట్టిన యంత్రం గడియారానికీ ఎంత తేడా అన్నది చెబుతుంది. హెడరున్న సందేశాలకే పనిచేస్తుంది.

పై మీద కొడితే 0.14 సెకన్లు. ఇది తప్పు కాదు. ఈ లైడార్ డ్రైవరు చుట్టు మొదలైన క్షణాన్ని స్టాంపుగా వేస్తుంది, చుట్టు పూర్తయ్యాక పంపుతుంది; ఒక చుట్టుకు 0.135 పడుతుంది కదా. కాబట్టి 0.14 అన్నది మన కొలబద్ద. అదే ల్యాప్‌టాప్‌లో కొడితే 0.78. వైఫైలో పోయేది కొన్ని మిల్లీసెకన్లే. మిగతా 0.64 సెకన్లు ఎక్కడివి? రోబో గడియారం ల్యాప్‌టాప్ గడియారంకంటే అంత వెనక ఉంది. (మైనస్ వస్తే రోబో గడియారం ముందుందని.)

ఇప్పుడు లెక్క. లైడార్ స్టాంపు రోబో గడియారానిది. రోబో ఎక్కడుందో చెప్పే ఓడోమెట్రీ స్టాంపు ల్యాప్‌టాప్ గడియారానిది, ఎందుకంటే ఆ నోడును అక్కడికి మార్చారు. స్లామ్ ఒక స్కాను తీసుకుని, "ఈ క్షణాన రోబో ఎటు చూస్తోంది" అని అడుగుతుంది. దొరికే జవాబు 0.64 సెకన్ల కిందటిది. రోబో నేరుగా సెకనుకు 0.2 మీటర్లు పోతుంటే తేడా 13 సెంటీమీటర్లు. స్లామ్ సర్దుకుంటుంది, కంటికీ ఆనదు. అదే సెకనుకు 0.6 రేడియన్ల చొప్పున తిరుగుతుంటే తేడా 0.38 రేడియన్లు, అంటే 22 డిగ్రీలు. మూడు మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద అది మీటరుకు పైగా పక్కకు పోతుంది. నేరుగా పోతే గోడ, తిరిగితే రెండు గోడలు. ఫిర్యాదు అక్షరాలా ఇదే.

ఆ 0.64 ఎక్కడినుంచి వచ్చిందో కూడా తేలింది. ఎప్పుడో ఒకసారి రోబో గడియారం తప్పుగా ఉందని జట్టులో ఒకరు గమనించి, ఎస్ఎస్‌హెచ్ ద్వారా ల్యాప్‌టాప్ సమయాన్ని రోబోలో పెట్టే ఒక చిన్న స్క్రిప్టు రాశారు. ఆలోచన మంచిదే. కానీ అది 'డేట్' కమాండును పూర్తి సెకన్లలో అడిగింది, సెకను ముక్కలు రాలిపోయాయి. ఆపైన లాగిన్ అవడానికి పట్టిన సమయం. ఫలితంగా రోబో ప్రతిసారీ సెకనులో కొంత భాగం నుంచి ఒకటిన్నర సెకన్ల దాకా వెనకబడేది, ఒక్కోరోజు ఒక్కో అంకె. పారామీటర్లు తిప్పితే ఒకరోజు మెరుగైనట్టు అనిపించిందన్నారే, ఆ రోజు తేడా తక్కువపడి ఉంటుంది.

ఆ స్క్రిప్టు నడపడం మరిచిన రోజున చూస్తే డిలే 1,90,000 సెకన్లు దాటింది. రెండు రోజుల పైచిలుకు. రాస్ప్‌బెర్రీ పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఆపేస్తే కాలం ఆగిపోతుంది. మళ్ళీ వెలిగించినప్పుడు, డిస్కులో భద్రపరచిన చివరి సమయం నుంచి లేస్తుంది. ఇంటర్నెట్ దొరికితే సరిచేసుకుంటుంది. ఇంట్లో రౌటరుకు ఇంటర్నెట్ ఉంది, ల్యాబ్‌లో లేదు. రోబో ఏ క్షణాన ఎక్కడుందో దాచే ట్రాన్స్‌ఫామ్ నిల్వ మామూలుగా పది సెకన్ల చరిత్రే ఉంచుకుంటుంది. రెండు రోజుల పాత స్కానుకు అందులో చోటు దొరకదు, దాన్ని పారేస్తుంది, టెర్మినల్‌లో 'మెసేజ్ ఫిల్టర్ డ్రాపింగ్ మెసేజ్' అని రాస్తుంది కూడా. అదే మొదటి రకం ఫిర్యాదు.

రెండింటిలో ప్రమాదకరమైనది రెండు రోజుల తేడా కాదు, అరసెకను తేడా. పెద్ద తేడాకు వ్యవస్థ అరుస్తుంది. అరసెకనుకు అరవదు, ఎందుకంటే పది సెకన్ల నిల్వలో అది హాయిగా ఇమిడిపోతుంది. అడిగిన ప్రతిసారీ జవాబు వస్తుంది, తప్పు జవాబు.

సరిచేయబోయి తెచ్చుకున్న ఇంకో తప్పు

గడియారం లేదంటే గడియారం పెడదాం అన్నది సహజమైన మాట. డీఎస్3231 గడియారపు బోర్డు చవక, ల్యాబ్ డ్రాయరులో ఒకటి ఉంది కూడా. ఐ2సీ వైర్లకు (ఎంపీయూ6050 లాంటి చిప్‌లు పైతో మాట్లాడే ఉమ్మడి వైర్లు) దాన్ని కలిపారు. కరెంటు మాత్రం 3.3 వోల్టుల పిన్ను నుంచే ఇవ్వాలి: బోర్డు మీది పుల్-అప్ నిరోధాలు తనకిచ్చిన వోల్టేజీకే ఐ2సీ వైర్లను లాగుతాయి, పై పిన్నులు 5 వోల్టులు ఓర్చుకోలేవు. ఇంకో జాగ్రత్త, ఈ బోర్డుల్లో చాలావాటికి సెల్లును చార్జి చేసే ఏర్పాటుంటుంది. మామూలు సీఆర్2032 సెల్లు చార్జి చేయకూడనిది. 3.3 ఇస్తే ఆ ముప్పు తగ్గుతుంది, ఆ దారిలోని నిరోధాన్ని పీకేస్తే పూర్తిగా పోతుంది.

కన్ఫిగ్ ఫైలులో 'డీటీఓవర్‌లే=ఐ2సీ-ఆర్‌టీసీ,డీఎస్3231' చేర్చి మళ్ళీ వెలిగించారు. సమయం నిలిచింది. ఎంపీయూ6050 నోడు మాత్రం 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అని ఆగిపోయింది. జట్టులో ఒకరు వెతికి, పైథాన్ కోడులో 'ఫోర్స్=ట్రూ' అని పెట్టారు. నోడు లేచింది. లేచి పిచ్చి లెక్కలు చెప్పింది: కదలకుండా ఉన్న రోబో నిలువు త్వరణం 9.7 నుంచి 4కు, మళ్ళీ 9కి.

కారణం చిరునామా. డీఎస్3231 చిరునామా 0ఎక్స్68. ఎంపీయూ6050 చిరునామా కూడా 0ఎక్స్68. ఒక వీధిలో ఒకే నంబరు మీద రెండిళ్ళు. పోస్టుమాన్ పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. ఐ2సీ వైరు మీద ఒకరు సున్నా, ఒకరు ఒకటి చెబితే సున్నాదే పైచేయి, కాబట్టి వచ్చే అంకె ఇద్దరిదీ కాదు. ముందు వచ్చిన 'బిజీ' అన్న మాట కెర్నలు (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) చేసిన న్యాయమైన హెచ్చరిక: ఆ చిరునామాను గడియారపు డ్రైవరు ఇప్పటికే తీసుకుంది. దాన్ని బలవంతంగా తోసేయడంతో లోపం నోరు మూసుకుంది, పోలేదు.

'ఐ2సీడిటెక్ట్ -వై 1' ఇక్కడ మోసం చేస్తుంది. ఒకే చిరునామా మీద రెండు చిప్‌లున్నా పట్టికలో ఒకటే కనబడుతుంది. డ్రైవరు పట్టుకున్నదైతే నంబరు బదులు 'యూయూ' ఉంటుంది. అందుకని ఒక్కో బోర్డును విడిగా కలిపి చూడటం, తర్వాత రెండూ కలిపి చూడటం ఒక్కటే దారి. రెండు బోర్డులకు పట్టికలో రెండు గళ్ళు నిండకపోతే ఢీ ఉందన్నట్టే.

మందు చిన్నదే. జీవై-521 మీద 'ఏడీ0' అనే పిన్ను ఉంది. దాన్ని 3.3 వోల్టులకు కలిపితే చిరునామా 0ఎక్స్69 అవుతుంది. జంపరు వైరు ఊడిపోతుంది, రోబో అదురుతుంది కాబట్టి సోల్డరింగు చేయించాం. కోడులో చిరునామా మార్చి, 'ఫోర్స్' తీసేయించాం. పట్టికలో ఇప్పుడు 68 గడిలో 'యూయూ', పక్కన 69. 'ఐ2సీగెట్ -వై 1 0ఎక్స్69 0ఎక్స్75' అని చిప్ గుర్తింపు అడిగితే 0ఎక్స్68 అనే వస్తుంది. కంగారు పడక్కర్లేదు: ఆ రిజిస్టరు చిప్ పేరు చెబుతుంది, చిరునామా కాదు. ఏడీ0 మార్చినా అది మారదు. నకలు చిప్‌లలో కొన్ని ఇంకో అంకె చెబుతాయి.

తిరిగి డిలే చూస్తే, రోజుల తేడా పోయింది. ల్యాప్‌టాప్‌లో 0.41. ఇంకా 0.27 మిగిలే ఉంది. గడియారపు చిప్ పూర్తి సెకన్లే చెబుతుంది. వెలిగేటప్పుడు కెర్నలు దానికి అరసెకను కలిపి పెట్టుకుంటుంది. కాబట్టి అటు ఇటు అరసెకను తప్పు సహజం. మనకు కావాల్సింది మిల్లీసెకన్లు. అంటే మెత్తని తప్పు ఎక్కడుందో అక్కడే ఉంది, అంత సోల్డరింగు తర్వాత కూడా. ఈ బోర్డు బిగించేముందు కాగితం మీద ఈ లెక్క వేయకపోవడం మా వైపు పొరపాటే.

పనిచేసినది

రెండు పనులు, ఈ వరుసలో.

మొదటిది, ఓడోమెట్రీ నోడును తిరిగి పై మీదికి తేవడం. పై మోయలేదన్న భయంతో దాన్ని మార్చారు కదా; 'టాప్' పెట్టి చూస్తే ఆ నోడు ఒక కోరులో మూడు శాతం కూడా తినడం లేదు. భయాన్ని ఎవరూ కొలవలేదు. లైడార్ స్టాంపు, ఓడోమెట్రీ స్టాంపు ఒకే గడియారంలోంచి వస్తే, ఆ గడియారం తప్పైనా రెండూ ఒకేలా తప్పుతాయి, గోడ ఒకటే పడుతుంది. పైసా ఖర్చు లేని మందు, ముందే వేయాల్సిన మందు.

రెండోది, రెండు గడియారాలను కలపడం. ల్యాప్‌టాప్‌లోని ఆర్‌విజ్, అక్కడ రికార్డు చేసే బ్యాగులు (సెన్సార్ సందేశాలు దాచిన ఫైళ్ళు) ఉన్నాయి కాబట్టి ఇది కూడా కావాలి. ఇంటర్నెట్ లేకపోయినా ల్యాప్‌టాప్‌నే సమయానికి పెద్దదిక్కుగా పెట్టవచ్చు. రెండింటిలోనూ గడియారాలను కలిపే క్రోనీ అనే ప్రోగ్రాము వేశాం. దానికి మాత్రం ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుని కిటికీ దగ్గర కూర్చోక తప్పలేదు. ల్యాప్‌టాప్ క్రోనీ ఫైలులో 'అలౌ 192.168.1.0/24', 'లోకల్ స్ట్రేటమ్ 10' అనే రెండు వరుసలు. రెండోది లేకపోతే, తనకే ఇంటర్నెట్ సమయం లేని ల్యాప్‌టాప్ ఇతరులకు సమయం ఇవ్వదు. రోబో ఫైలులో 'సర్వర్' అని ల్యాప్‌టాప్ చిరునామా, చివర 'ఐబరస్ట్'. 'మేక్‌స్టెప్' వరుసను 1 నుంచి 0.1కి దించాం, సెకనులోపు తేడాను మెల్లగా జరుపుకుంటూ కూర్చోకుండా, మొదటి మూడు సర్దుబాట్లలో ఒక్క గెంతులో సరిచేసుకోవడానికి.

మొదటిసారి కుదరలేదు. రోబోలో 'క్రోనీసీ సోర్సెస్' కొడితే ల్యాప్‌టాప్ పేరు ముందు నక్షత్రం ఉండాలి, ప్రశ్నార్థకం ఉంది. ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ యూడీపీ 123 పోర్టును మూసి ఉంచింది. తెరిచాక నక్షత్రం పడింది, 'క్రోనీసీ ట్రాకింగ్' లో తేడా అర మిల్లీసెకనులోపు.

ఇంకో మెలిక: రాస్ నోడ్లు ముందే లేచి, తర్వాత గడియారం గెంతితే, నడుస్తున్న లెక్కల మధ్యలో కాలం విరుగుతుంది. అందుకే రోబో సర్వీసు ఫైలులో నోడ్లకంటే ముందు 'క్రోనీసీ వెయిట్‌సింక్ 60 0.01 0 1' పెట్టించాం. పది మిల్లీసెకన్ల లోపుకు వచ్చేదాకా సెకనుకోసారి చూస్తూ, అరవైసార్ల దాకా ఆగుతుంది.

ఆ తర్వాత డిలే పై మీద 0.14, ల్యాప్‌టాప్‌లో 0.15. హాల్లో అదే వేగంతో, అదే మలుపులతో నాలుగు చుట్లు తిప్పించాం. గోడలు నాలుగే. ఆపైన బ్యాటరీ పీకేసి, ఒక రాత్రి వదిలి, మర్నాడు పొద్దున్నే ఎవరూ ఏ స్క్రిప్టూ నడపకుండా మళ్ళీ తిప్పించాం; మరిచిపోయిన రోజునే పాత జబ్బు బయటపడేది కాబట్టి పరీక్ష కూడా మరిచిపోయిన రోజులాగే ఉండాలి.

ఈ కేసు నేర్పినవి

విలువ నిజమని తేలితే సెన్సార్ పని అయిపోయిందనుకోవడం ఇక్కడ అందరూ చేసిన పొరపాటు. కొలటేపుకు ఒక మీటరు అని సరిగ్గా చెప్పిన లైడారే, ఎప్పుడు చూసిందో తప్పు చెప్పి గది మొత్తాన్ని వంకర చేసింది. ఎకో, హెచ్‌జెడ్ అందరికీ తెలుసు. డిలే కమాండు జట్టులో నలుగురికీ కొత్తది, నేర్పినవాళ్ళకు కూడా.

'ఇంట్లో బాగుంది' అన్న మాటను ఫిర్యాదులో భాగంగా రాసుకోవాలి. రెండుచోట్ల ఒకే రోబో రెండు రకాలుగా ఉంటే, రోబోను విప్పడంకంటే ముందు రెండు చోట్ల మధ్య తేడాలు ఒక కాగితం మీద రాయడం చవక. ఇక్కడ ఆ కాగితం మీద రెండే ఉండేవి: గది పరిమాణం, ఇంటర్నెట్. మొదటిదాన్ని 12 మీటర్ల లెక్క కొట్టేస్తుంది.

లోపం ఒకటి దొరికితే, అది ఈ లక్షణాన్నే కలిగించగలదా అని అంకెలతో అడగాలి. వోల్టేజీ దగ్గర ఆ ప్రశ్న వేయలేదు, గడియారపు బోర్డు దగ్గరా వేయలేదు. 22 డిగ్రీల లెక్క వేసిన తర్వాతే తిరగడం, నేరుగా పోవడం మధ్య తేడా ఎందుకో కుదిరింది.

ఇప్పుడు రోబో పొట్ట కింద ఒక అట్టముక్క అతికించి ఉంది. హెచ్‌జెడ్ రెండుచోట్ల, డిలే రెండుచోట్ల, థ్రాటిల్డ్ అంకె, ఐ2సీ పట్టికలో రెండు గళ్ళు, గోడకు ఒక మీటరు. పక్కన ఆ రోజు అంకె రాసే గడులు, పెన్సిలుతో. డీఎస్3231 బోర్డును తీసేయలేదు. ల్యాప్‌టాప్ లేకుండా రోబో ఒక్కటే బ్యాగు రికార్డు చేసే రోజుల్లో తేదీ సరిగా పడేది దానివల్లే. నాణెం సెల్లు వేసిన తేదీ కూడా ఆ అట్టమీదే రాయించాం.